కొన్న వస్తువుపై హక్కు ఎవరిది?



ఒక వ్యక్తి తన కష్టార్జితంతో ఒక వస్తువు కొన్నాడు. ధర పూర్తిగా చెల్లించాడు, రసీదు తీసుకున్నాడు. వస్తువు ఇంటికి చేరింది. ఇక దాని విషయంలో నిర్ణయం తీసుకునే అధికారం ఎవరికి ఉంటుంది? కొన్నవాడికా, అమ్మినవాడికా?

చిన్నపిల్లవాణ్ణి అడిగినా "కొన్నవాడికే" అంటాడు. మన పెద్దలు కుట్టుమిషన్లు కొన్నారు, సైకిళ్ళు కొన్నారు, గ్రైండర్లు కొన్నారు. అమ్మిన దుకాణదారు అర్ధరాత్రి ఇంట్లోకి వచ్చి కుట్టుమిషను చక్రం మార్చి వెళ్ళాడన్న మాట ఎవరూ విని ఉండరు. కంప్యూటరు, మొబైల్ ఫోను వచ్చాక ఈ పరిస్థితి మారింది. ఈ వస్తువులు మన ఇంట్లోనే ఉంటాయి, కాని వాటి తాళంచెవి ఒకటి తయారుచేసిన కంపెనీ దగ్గరే ఉండిపోతుంది. ఇంటర్నెట్ ద్వారా కంపెనీ ఏ వేళనైనా లోపలికి రాగలదు, ఉన్నదాన్ని తీసి కొత్తది పెట్టగలదు. మనం పనిలో మునిగి ఉండగా తెరమీద ఒక పెట్టె ప్రత్యక్షమవుతుంది: "ఇప్పుడే మార్చమంటారా? తరువాత మార్చమంటారా?" 'వద్దు' అనే మాట మాత్రం ఎక్కడా కనిపించదు.

ఇది కేవలం చిరాకు పుట్టించే విషయమని కొట్టిపారేయవచ్చు. కాని కాస్త లోతుగా ఆలోచిస్తే ఇందులో లావాదేవీలకు సంబంధించిన ఒక పెద్ద ధార్మిక ప్రశ్న ఇమిడి ఉంది. అంగీకారం అంటే ఏమిటి? ఒకసారి ఇచ్చిన అంగీకారం ఎంతవరకు చెల్లుతుంది? ఈ వ్యాసంలో మేము ఫత్వా చెప్పబోవడం లేదు. ప్రతి ముస్లిం గృహస్థుడూ ఎరిగిన వ్యాపార నీతి వెలుగులో ఈ కొత్త సమస్యను పరిశీలించాలన్నదే మా ప్రయత్నం.

ఉచితం పేరుతో ఒత్తిడి

ముందుగా జరిగిన సంగతులు చూద్దాం. 2015 జూలై 29న మైక్రోసాఫ్ట్ కంపెనీ విండోస్ 10ని విడుదల చేసింది. అప్పటికి విండోస్ 7, విండోస్ 8.1 వాడుతున్నవారికి ఒక సంవత్సరం పాటు దాన్ని ఉచితంగా ఇస్తామని ప్రకటించింది. ఇంతవరకు ఆక్షేపించవలసింది ఏమీ లేదు. అయితే తెరపై ఆ ఆహ్వానం పదేపదే రాసాగింది. 2016 ఫిబ్రవరి నుంచి, అప్‌డేట్లు వాటంతట అవే వచ్చేలా పెట్టుకున్న కంప్యూటర్లలోకి కొత్త విండోస్ కూడా వాటితో కలిసి దిగడం మొదలుపెట్టింది.

ఆ ఏడాది మే నెల వచ్చేసరికి పరిస్థితి మరీ విచిత్రంగా తయారైంది. తెరపై ఏ పెట్టెనైనా వద్దనుకుంటే దాని మూలనున్న ఇంటూ గుర్తు నొక్కి మూసేస్తాం. కంప్యూటరు నేర్చుకునేవారికి మొదటిరోజు చెప్పే పాఠమిది. కాని ఈ ఆహ్వానం విషయంలో ఇంటూ గుర్తు నొక్కినా, కంపెనీ ముందే నిర్ణయించి పెట్టిన వేళకు మార్పు జరిగిపోయేది. అంటే మనిషి 'వద్దు' అని తలుపు వేస్తే, ఎదుటివాడు దాన్ని 'సరే'గా లెక్క వేసుకున్నాడన్నమాట! విమర్శలు వెల్లువెత్తాక జూన్ నెలాఖరులో కంపెనీ ఈ పద్ధతిని మార్చి, నిరాకరించే వీలు స్పష్టంగా కల్పించింది. అప్పుడు తాము హద్దు దాటామని కంపెనీ మార్కెటింగ్ అధిపతి స్వయంగా ఆ ఏడాది డిసెంబరులో ఒప్పుకున్నారు. అమెరికాలోని కాలిఫోర్నియాలో ఒక మహిళ, తన అనుమతి లేకుండా జరిగిన మార్పు వల్ల వ్యాపారపు కంప్యూటరు చెడిపోయిందని కోర్టుకెక్కి 10,000 డాలర్ల పరిహారం పొందింది. కంపెనీ తన తప్పు లేదంటూనే అప్పీలును విరమించుకుంది. జర్మనీలో ఒక వినియోగదారుల సంస్థ వేసిన వ్యాజ్యం దరిమిలా, వాడేవారి సమ్మతి లేకుండా కొత్త విండోస్ ఫైళ్ళను వారి కంప్యూటర్లలో దించబోమని 2017 ఆగస్టులో కంపెనీ మాట ఇచ్చింది.

ఈ 'ఉచితం' మన ప్రాంతంలో ఎంత ఉచితమో కూడా చూడాలి. ఆ ఫైళ్ళ పరిమాణం మూడు నుంచి ఆరు జీబీల దాకా ఉండేది. 2016 సెప్టెంబరులో జియో రాకముందు మొబైల్ డేటా ఒక్క జీబీ ధర రెండు వందల రూపాయలు దాటేది. గుడివాడలోనో, పామర్రులోనో, అవనిగడ్డలోనో డాంగిల్ పెట్టుకుని కంప్యూటరు నడిపే చిన్న దుకాణదారుకు, తాను అడగని కానుక మోసుకొచ్చిన కూలి తానే చెల్లించుకోవలసి వచ్చింది.

పదేళ్ళ తరువాత చక్రం మళ్ళీ తిరిగింది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ సేవలు నిలిచిపోయాయి. దాని స్థానంలో వచ్చిన విండోస్ 11 అన్ని కంప్యూటర్లలోనూ నడవదు. దానికి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి. సుమారు 2018కి ముందు వచ్చిన ప్రాసెసర్లను చాలావరకు అది అంగీకరించదు. అంటే చక్కగా పనిచేస్తున్న కంప్యూటరు ఉన్నా కొత్తది కొనుక్కోవలసిందే. ఇలా దాదాపు 24 కోట్ల కంప్యూటర్లు చెత్తకుప్పల పాలు కావచ్చని కెనాలిస్ అనే పరిశోధన సంస్థ 2023లోనే అంచనా వేసింది. విమర్శల దృష్ట్యా గృహ వినియోగదారులకు 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్ల గడువు పొడిగించారు. అందుకు మన దేశంలోని వారికి మూడు దారులు చూపారు. తమ సెట్టింగులను కంపెనీ ఖాతాలో దాచుకోవడానికి ఒప్పుకోవాలి, లేదా కంపెనీ ఇచ్చే రివార్డు పాయింట్లు వెయ్యి వెచ్చించాలి, లేదా 30 డాలర్లు చెల్లించాలి. వినియోగదారుల సంఘాలు గట్టిగా నిలదీసిన ఐరోపా దేశాల్లో మాత్రం ఈ షరతులను సడలించారు. అడిగినవాడికి ఒక న్యాయం, అడగనివాడికి మరో న్యాయం అన్నమాట!

బెజవాడ ప్రెస్సుల గోడు

ఈ ఒత్తిడి బరువు మన ఊళ్ళో అందరికంటే ఎక్కువగా తెలిసినవారు డీటీపీ కేంద్రాలవారు, ముద్రణాలయాలవారు. విజయవాడ తెలుగు పుస్తకాలకు పుట్టినిల్లు వంటిది. ఏలూరు రోడ్డు, గవర్నరుపేట, వన్‌టౌన్ వీధుల్లో పుస్తకాలు, కరపత్రాలు, పెళ్ళి కార్డులు, బిల్లుపుస్తకాలు ఏళ్ళ తరబడి తయారవుతున్నాయి. ఈ పనిలో ఎక్కువ భాగం పేజ్‌మేకర్, అను ఫాంట్లతో సాగింది. పేజ్‌మేకర్ చివరి కూర్పు 7.0 వచ్చింది 2001లో. 2004లో అడోబీ కంపెనీ దాని అభివృద్ధిని ఆపేసింది. అను ఫాంట్లలో తెలుగు అక్షరాలను భద్రపరిచే పద్ధతి ఇప్పటి యూనికోడ్ పద్ధతి కాదు. ఆ ఫైలును మరో కంప్యూటరులో ఉన్నదున్నట్లు తెరిస్తే తెలుగు బదులు అర్థంకాని గుర్తులు కనబడతాయి. ఉర్దూ కోసం మనవారు వాడే ఇన్‌పేజ్ పాత కూర్పుల కథ కూడా ఇంచుమించు ఇటువంటిదే.

ఇప్పుడు ఒక చిన్న ప్రెస్సు యజమానిని ఊహించుకోండి. ఇరవై ఏళ్ళ పనంతా ఒక పాత కంప్యూటరులో ఉంది. మదరసా పాఠ్యపుస్తకాలు, మస్జిద్ కమిటీ రసీదులు, నికాహ్ కార్డుల నమూనాలు అన్నీ అందులోనే. షాబాన్ నెలాఖరు వచ్చింది. సహరీ, ఇఫ్తార్ వేళల పట్టికలు రేపటికల్లా మస్జిదులకు అందాలి. సరిగ్గా ఆ రాత్రి కంప్యూటరు తనంతట తానే ఆగి, తిరిగి మొదలై, నీలి తెరమీద శాతాలు లెక్కపెడుతూ కూర్చుంది. తెల్లవారేసరికి విండోస్ కొత్తది, ప్రింటరు పలకదు, పాత సాఫ్ట్‌వేరు తెరుచుకోదు. ఈ నష్టం ఎవరి ఖాతాలో పడాలి? అతను ఎవరికీ అన్యాయం చేయలేదు. తాను కొన్న వస్తువును, తాను కొన్న పనికి వాడుకుంటున్నాడు. అంతే.

ఇటువంటి భయంతోనే చాలామంది డీటీపీ కేంద్రాలవారు ఒక పాత కంప్యూటరుకు ఇంటర్నెట్ తీగ తగిలించకుండా విడిగా ఉంచుకుంటారు. అమ్మినవాడి నుంచి కాపాడుకోవడానికి కొన్నవాడు వస్తువును దాచిపెట్టుకోవలసి రావడం ఎంత విడ్డూరం!

కంపెనీల వాదనలో నిజముందా?

తీర్పు చెప్పేముందు రెండవ పక్షం మాట కూడా వినాలన్నది న్యాయసూత్రం. కంపెనీలు ఇలా అంటాయి: "సాఫ్ట్‌వేరులో లోపాలు బయటపడుతూ ఉంటాయి. దొంగలు ఆ లోపాల గుండా చొరబడతారు. మేము మరమ్మతు పంపినా జనం 'తరువాత, తరువాత' అంటూ వాయిదా వేస్తారు. ఒకరి అజాగ్రత్త వల్ల పదిమందీ నష్టపోతారు. అందుకే కొంత ఒత్తిడి తప్పదు."

ఈ మాటలో నిజముంది. 2017 మే 12న వనాక్రై అనే దుష్ట ప్రోగ్రాం ప్రపంచం మీద విరుచుకుపడింది. సుమారు 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లలో ఫైళ్ళకు తాళం వేసి, విడిపించడానికి 300 డాలర్లు ఇవ్వమంది. ఇంగ్లండులో ఆసుపత్రుల పని స్తంభించింది. మన రాష్ట్రంలో కృష్ణా, గుంటూరు, చిత్తూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లో కొన్ని పోలీసు కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. ఆ లోపానికి మరమ్మతును మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చి 14న విడుదల చేసింది. దాన్ని వేసుకోనివారే ఎక్కువగా దెబ్బతిన్నారు. ఒక కంప్యూటరు నుంచి మరో కంప్యూటరుకు పాకింది కనుక, ఒకరి నిర్లక్ష్యం పొరుగువారికి ఆపదగా పరిణమించింది.

కృష్ణా డెల్టాలో పుట్టిపెరిగిన మనకు ఈ విషయం ఇంకొకరు చెప్పనక్కరలేదు. 2024 ఆగస్టు నెలాఖరు వానలకు బుడమేరు కట్టలకు గండ్లు పడితే సింగ్‌నగర్ చుట్టుపక్కల ఇళ్ళు రోజుల తరబడి నీళ్ళలో నానాయి. గండి పడిన చోటు ఒకటి, మునిగిన ఇళ్ళు మరొకచోట. సైన్యం సాయంతో సెప్టెంబరు 7 నాటికి గండ్లు పూడ్చగలిగారు. కట్ట బలహీనంగా ఉందని తెలిసీ "నా పొలం, నా ఇష్టం, మట్టి వేయనివ్వను" అనేవాడి మాట చెల్లుతుందా? చెల్లదు. ఇతరులకు హాని కలిగించరాదు, హానికి ప్రతిగా హాని తలపెట్టరాదు అన్నది మన ధర్మశాస్త్రంలో మూలసూత్రాల్లో ఒకటి. కనుక గండి పూడ్చే అప్‌డేట్‌ను వేసుకోవడం మన పొరుగువారి పట్ల మన బాధ్యత కూడా.

మరమ్మతు వేరు, కొత్త బేరం వేరు

అసలు చిక్కు ఇక్కడే ఉంది. గండి పూడ్చడానికి వచ్చినవాడు గండి పూడ్చి వెళ్ళడం లేదు. మట్టి తట్టతో పాటు తన సరుకు కూడా తెచ్చి మన వరండాలో దించుతున్నాడు. భద్రతకు అవసరమైన మరమ్మతు, కంపెనీ అమ్మదలచుకున్న కొత్త సరుకు ఒకే మూటలో వస్తున్నాయి. ప్రకటనలు, కొత్త ఖాతా తెరవమనే ఒత్తిడి, నెలనెలా చందా కట్టమనే ఆహ్వానాలు, ఉన్న మెనూలను తారుమారు చేయడం వంటివాటికీ గండికీ సంబంధం ఏమిటి? మూట వద్దంటే గండి పూడదు. గండి పూడాలంటే మూట మొయ్యాలి.

మా దృష్టిలో ఈ రెంటినీ విడదీసి చూడటమే ఈ సమస్యకు కీలకం. మరమ్మతు అమ్మినవాడి బాధ్యత. లోపమున్న వస్తువు అమ్మాడు కనుక దాన్ని సరిచేయడం అతని మీద ఉన్న రుణం వంటిది. సరుకులో లోపం బయటపడితే దాన్ని తిరిగి ఇచ్చేసే అధికారం కొనుగోలుదారుకు ఉంటుందని ఫిఖ్‌హ్ గ్రంథాలు 'ఖియారుల్ ఐబ్' అన్న పేరుతో వివరంగా చెబుతాయి. కాని కొత్త కూర్పు, కొత్త హంగు, కొత్త షరతు అన్నవి కొత్త బేరం కిందకు వస్తాయి. ప్రతి కొత్త బేరానికీ కొత్త అంగీకారం కావాలి. పాత బేరం నాడు చేసిన సంతకం దీనికి చాలదు. పరస్పర అంగీకారంతో సాగే వ్యాపారం ద్వారా తప్ప ఒకరి సొమ్మును మరొకరు అనుభవించడం ధర్మసమ్మతం కాదన్నది దివ్య ఖుర్‌ఆన్ నేర్పిన పాఠం.

మన ఆటోనగర్‌లో నిత్యం జరిగేది చూడండి. లారీ యజమాని బ్రేకులు బాగుచేయమని బండి అప్పగిస్తాడు. మంచి మెకానిక్కు బ్రేకులు చూస్తాడు. క్లచ్ కూడా అరిగిందని కనిపిస్తే యజమానికి కబురు చేస్తాడు. "మార్చమంటారా?" అని అడుగుతాడు. తీసేసిన పాత సామానును చూపించి మరీ లెక్క చెబుతాడు. అడగకుండా ఇంజను మార్చేసి, "ఇది మీ మంచికే" అనే మెకానిక్కు షెడ్డుకు రెండోసారి ఎవరైనా వెళ్తారా? ఆటోనగర్ మెకానిక్కుకు తెలిసిన ఈ నీతి పెద్ద పెద్ద కంపెనీలకు తెలియకపోవడం ఆశ్చర్యమే.

"మేము డబ్బు అడగలేదు కదా, ఉచితంగానే ఇచ్చాం కదా" అని వారు అనవచ్చు. కాని కానుకకు కూడా నియమం ఉంది. ఇచ్చేవాడు ఇస్తానన్నంత మాత్రాన కానుక పూర్తికాదు, పుచ్చుకునేవాడు స్వీకరించాలి. ఈజాబ్, ఖబూల్ రెండూ ఉండాలని మన ఫుఖహా చెప్పారు. నికాహ్ మజ్లిసుల్లో ఈ మాటలు మనం ఎన్నోసార్లు వినే ఉంటాం. ఖాజీగారు వరుడి వైపు తిరిగి "ఇప్పుడు ఖబూల్ అంటావా, ఇషా తరువాత ఖబూల్ అంటావా?" అని మాత్రమే అడిగితే మజ్లిసులోని పెద్దలు ఊరుకుంటారా? 'కాదు' అనే వీలు లేని చోట 'అవును'కు విలువ ఉండదు. 'తరువాత' అన్నది 'వద్దు' అన్నదానికి బదులు కాదు. అది వేసారిన మనిషి కాసేపు ఊపిరి పీల్చుకోవడానికి అడిగిన గడువు మాత్రమే. ఒకరిని పదిసార్లు విసిగించి పదకొండోసారి రాబట్టిన 'సరే'లో నోరు ఒప్పుకున్నా మనసు ఒప్పుకోదు.

దాచిపెట్టడం మరొక దోషం

ఒకసారి దైవప్రవక్త (స) బజారులో ధాన్యపు రాశి దగ్గర ఆగి, అందులో చెయ్యి పెట్టి చూశారు. పైన పొడిగా ఉన్న ధాన్యం లోపల తడిగా తగిలింది. వాన పడి తడిసిందని వర్తకుడు చెప్పుకున్నాడు. తడిసినదాన్ని జనానికి కనబడేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన నిలదీశారు. మోసం చేసేవానికి తమతో సంబంధం లేదని తీవ్రంగా హెచ్చరించారు. గమనించండి, ధాన్యం తడవడం ఆ వర్తకుని తప్పు కాదు, వాన ఎవరి చేతిలోనూ లేదు. దాన్ని కింద పెట్టి కప్పిపుచ్చడమే తప్పు.

దీన్ని ఇటీవలి ఒక ఉదంతానికి అన్వయించి చూద్దాం. 2017లో యాపిల్ కంపెనీ పంపిన ఒక అప్‌డేట్ తరువాత, బ్యాటరీ పాతబడిన కొన్ని ఐఫోన్లు నెమ్మదించాయి. పాత బ్యాటరీతో ఫోను హఠాత్తుగా ఆగిపోకుండా ఉండేందుకే అలా చేశామని కంపెనీ ఆ ఏడాది డిసెంబరులో వివరణ ఇచ్చింది. కారణం మంచిదే కావచ్చు. కాని ఆ సంగతి ముందే చెప్పి ఉంటే జనం బ్యాటరీ ఒక్కటి మార్చుకునేవారు. చెప్పకపోవడంతో ఎందరో ఫోను ముసలిదైందనుకుని కొత్తది కొన్నారు. ఇటలీ వ్యాపార నియంత్రణ సంస్థ 2018 అక్టోబరులో యాపిల్‌కు ఒక కోటి యూరోలు, ఫోన్లను నెమ్మదింపజేసే అప్‌డేట్ల విషయంలోనే శామ్‌సంగ్‌కు 50 లక్షల యూరోలు జరిమానా విధించింది. వినియోగదారులకు సమాచారం ఇవ్వనందుకు 2020 ఫిబ్రవరిలో ఫ్రాన్సు యాపిల్‌పై రెండున్నర కోట్ల యూరోల జరిమానా వేసింది. తడిసిన ధాన్యం కథ నేటికీ పాతబడలేదు.

"మీరు ఒప్పుకున్నారు కదా?"

ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణ ఉంది. కంప్యూటరు మొదటిసారి తెరిచినప్పుడు పొడవాటి ఒప్పందపత్రం కింద "నేను అంగీకరిస్తున్నాను" అని మనమే నొక్కాం. అందులో అప్‌డేట్ల సంగతి రాసే ఉంది. పైగా సాఫ్ట్‌వేరును మనకు అమ్మలేదు, వాడుకునే అనుమతి మాత్రమే ఇచ్చారు. విశ్వాసులు తాము ఒప్పుకున్న షరతులకు కట్టుబడి ఉండాలి కదా?

ఉండాలి, ఇందులో సందేహం లేదు. కాని ఆ షరతు సక్రమమైనదై ఉండాలి, దేనికి ఒప్పుకుంటున్నామో స్పష్టంగా తెలిసి ఉండాలి. బేరంలో అస్పష్టతను, కొనేవాడి అమాయకత్వాన్ని ఆసరా చేసుకోవడాన్ని మన ధర్మం సహించదు. బేరాల్లో తరచు మోసపోయే ఒక సహాబీకి, కొనేటప్పుడే మోసం ఉండరాదన్న షరతు చెప్పుకోమని దైవప్రవక్త (స) నేర్పారు. తెలివైనవాడు గెలుస్తాడు, అమాయకుడు తన ఖర్మ అనుభవిస్తాడు అని ఆయన వదిలేయలేదు. కంపెనీ వైపు న్యాయవాదుల దండు, ఈ వైపు ఇంగ్లీషు సరిగా రాని ఒక గృహిణి. ఆమె డబ్బు కట్టి పెట్టె విప్పాక తెరపై ప్రత్యక్షమైన యాభై పేజీల పత్రాన్ని, భవిష్యత్తులో ఏం మార్చినా ఒప్పుకుంటానన్న రాతకోతగా భావించడం న్యాయమనిపించుకోదు.

అద్దె అని చెప్పి అద్దెకిస్తే ఎవరికీ అభ్యంతరం లేదు. 2013 మేలో అడోబీ కంపెనీ ఇకపై తన కొత్త కూర్పులను చందా పద్ధతిలోనే ఇస్తానని బహిరంగంగా ప్రకటించింది. అది చాలామందికి భారమైంది, నచ్చలేదు. అయినా చెప్పి చేసింది కనుక తీసుకోవాలో మానాలో ఎవరికి వారు తేల్చుకోగలిగారు. దుకాణంలో అమ్మకంగా చూపి, ఇంటికెళ్ళాక అద్దెగా మార్చడమే ఆక్షేపణీయం.

మన దేశ చట్టం కూడా ఇప్పుడు ఈ దిశగా అడుగు వేసింది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద 2023 నవంబరు 30న కేంద్రం కొన్ని మార్గదర్శకాలు జారీచేసింది. తెరపై వినియోగదారుణ్ణి తప్పుదారి పట్టించే 13 రకాల పన్నాగాలను అందులో పేర్కొన్నారు. అడగని కొనుగోలుకో, చందాకో బలవంతంగా నెట్టడం, పదేపదే అడ్డుతగులుతూ విసిగించడం, వద్దన్నవాణ్ణి సిగ్గుపడేలా చేయడం అందులో ఉన్నాయి. ఫిర్యాదు చేయదలచినవారికి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915 అందుబాటులో ఉంది.

మన వంతు బాధ్యతలు

సోదరులారా! ఎదుటివారి తప్పు ఎంచడం తేలిక. మన వైపు కూడా ఒకసారి చూసుకోవాలి.

మొదటిది: మనం వాడుతున్న సాఫ్ట్‌వేరు నిజంగా కొన్నదేనా? 'కొన్న వస్తువుపై హక్కు' అని వాదించే ముందు వస్తువు కొని ఉండాలి కదా! దొంగకాపీ వేయించుకుని కంపెనీ అన్యాయం గురించి మాట్లాడటం మనకు శోభించదు. రచన, ఆవిష్కరణ వంటి హక్కులను ధర్మం రక్షిస్తుందని, వాటిని అతిక్రమించరాదని 1988 డిసెంబరులో కువైట్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్‌హ్ అకాడమీ తీర్మానించింది. అవతలివాడు పెద్ద కంపెనీ కనుక అతని సొమ్ము హలాల్ అనుకోవడం షైతాన్ పన్నే వల. పైగా దొంగకాపీలకు మరమ్మతులు సరిగా అందవు. అవి గండి పడిన కట్టల వంటివి.

రెండవది: అప్‌గ్రేడ్ మీది కోపంతో భద్రతా అప్‌డేట్లను కూడా ఆపేయడం తగదు. ఇంటర్నెట్‌కు కలిపిన కంప్యూటరుకు మరమ్మతు తప్పనిసరి. పాత పనికోసం పాత కంప్యూటరు కావాలనుకుంటే దాన్ని ఇంటర్నెట్‌కు దూరంగా ఉంచాలి. ముఖ్యమైన ఫైళ్ళను వేరే డిస్కులో నకలు తీసి పెట్టుకోవాలి. పాత అను ఫాంట్ల ఫైళ్ళను వీలువెంబడి యూనికోడ్‌లోకి మార్చుకుంటే మనం ఏ ఒక్క కంపెనీకీ బందీలం కాకుండా ఉంటాం.

మూడవది: పనిచేస్తున్న యంత్రాన్ని పారేయడానికి తొందరపడకండి. పారే నది ఒడ్డున వుజూ చేస్తున్నా నీళ్ళు వృథా చేయరాదని నేర్చుకున్న సముదాయం మనది. విండోస్ 11 నడవని కంప్యూటరులో లినక్స్ నడవవచ్చు. దానికి లైసెన్సు రుసుము లేదు. తెలుగులో వాడుకునేలా దాన్ని తీర్చిదిద్దే పని హైదరాబాదుకు చెందిన 'స్వేచ్ఛ' సంస్థ చేపట్టింది. పేజ్‌మేకర్ వంటివి అందులో నేరుగా నడవవన్నది నిజమే. కాని పిల్లల చదువులకు, ఉత్తరాలకు, లెక్కలకు అది చక్కగా సరిపోతుంది. ఇంటి వాడకం మానిన కంప్యూటరు ఒక మదరసాకో, పేద విద్యార్థికో చేరితే అది సదఖా అవుతుంది.

నాలుగవది, అన్నింటికంటే ముఖ్యమైనది: కంపెనీ మనతో చేసినట్లు మనం ఎవరితోనైనా చేస్తున్నామా? మనలో దర్జీలున్నారు, మెకానిక్కులున్నారు, మొబైల్ దుకాణాలవారున్నారు, ఇళ్ళు అద్దెకిచ్చేవారున్నారు. స్క్రీను పగిలిన ఫోను తెస్తే బ్యాటరీ కూడా అడగకుండా మార్చి డబ్బు రాస్తున్నామా? అద్దెకున్నవారిని అడగకుండా షరతులు మారుస్తున్నామా? మొహమాటపెట్టి, పదిసార్లు పోరి, ఎదుటివారి చేత 'సరే' అనిపించి దాన్ని అంగీకారమని సంతృప్తి పడుతున్నామా? ఇంట్లో కూడా చూసుకోండి. కూతురి చదువు, పెళ్ళి విషయాల్లో "ఇప్పుడా, తరువాతా" అని మాత్రమే అడుగుతున్నామా, 'వద్దు' అనే వీలు కూడా ఇస్తున్నామా?

పెద్ద కంపెనీ అన్యాయాన్ని ఆపడం మన ఒక్కరి చేతిలో లేకపోవచ్చు. ఫిర్యాదు చేయడం, నలుగురికి తెలియజెప్పడం మాత్రం మన చేతిలో ఉంది. మన కొట్టులో, మన షెడ్డులో, మన ఇంట్లో ఎదుటివారి 'వద్దు'ను గౌరవించడం పూర్తిగా మన చేతిలోనే ఉంది. రేపు ప్రళయదినాన కంపెనీల లెక్క కంపెనీలవారు చెప్పుకుంటారు. మన లెక్క మనమే చెప్పుకోవాలి. దాసుల హక్కుల విషయంలో, హక్కుదారు క్షమించనిదే విముక్తి లేదన్న సంగతి మరువరాదు.

ఇచ్చిపుచ్చుకోవడాల్లో నిజాయితీని, ఇతరుల అంగీకారం పట్ల గౌరవాన్ని, మనకు దక్కిన వస్తువులను వృథా చేయని వివేకాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.